సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొంటున్నారా? ఆన్ అయిందని డబ్బులు ఇచ్చేయకండి

ఇంజినీరింగ్ కాలేజీలు తెరిచే రోజులివి. హైదరాబాద్‌లో పాత లాప్‌టాప్‌లు అమ్మే షాపుల ముందు అమ్మానాన్నలు, పిల్లలు బారులు తీరే సమయం కూడా ఇదే. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. మా అక్క కొడుకు కొన్న లాప్‌టాప్ ఇప్పుడు ఎందుకూ పనికిరాకుండా పడి ఉంది. ఇచ్చిన డబ్బు తిరిగి రాలేదు. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదు.

వాడికి కావలసింది కోడింగ్ నేర్చుకోవడానికి ఒక మామూలు లాప్‌టాప్. కొత్తది కొనాలంటే బడ్జెట్ సరిపోలేదు. మా అక్క చీటీ పాడి 26,000 రూపాయలు చేతిలో పెట్టింది. స్నేహితుడిని వెంటబెట్టుకుని షాపుకు వెళ్లాడు. షాపువాళ్లు ఒక పెద్ద కంపెనీ బిజినెస్ మోడల్ తీసి టేబుల్ మీద పెట్టారు. బాడీ తళతళలాడుతోంది. బటన్ నొక్కగానే విండోస్ వచ్చేసింది. యూట్యూబ్‌లో పాట వేసి వినిపించారు. బ్యాటరీ 100 శాతం అని చూపించింది. ‘ఏ గ్రేడ్ పీస్ తమ్ముడూ, ఒక్క గీత కూడా లేదు చూస్కో’ అన్నారు. పద్దెనిమిదేళ్ల పిల్లలు ఇద్దరు అంతకన్నా ఏం చూడగలరు? తప్పు వాళ్లది కాదు. లోపం తెలిసి దాచినవాడిది.

ఇంటికొచ్చి చార్జర్ పీకాక మొదటి సంగతి బయటపడింది. గంట గడవకముందే, ఇంకా 40 శాతం ఉందని చూపిస్తూనే ఉన్నట్టుండి ఆరిపోయింది. షాపులో ఉన్నంతసేపూ చార్జర్ తీగ తగిలించే ఉంచారట. బ్యాటరీ రిపోర్ట్ తీసి చూస్తే, కొత్తలో 60,000 మిల్లీవాట్ అవర్ పట్టిన బ్యాటరీ ఇప్పుడు 20,000 కూడా పట్టడం లేదు. అంటే మూడో వంతే మిగిలింది.

సరే, బ్యాటరీ మార్పించుకోవచ్చులే అనుకున్నాం. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. అందులో ఎవరివో పాత ఫోల్డర్లు, ఏవేవో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని వాడు విండోస్ మొత్తం రీసెట్ చేశాడు. మళ్లీ ఆన్ అయి, వైఫై కలపగానే తెల్లటి స్క్రీన్ మీద ఒక కంపెనీ పేరు, లోగో వచ్చాయి. కింద ఆఫీసు మెయిల్ ఐడీ అడిగే గడి. దాన్ని దాటి ముందుకు పోయే దారి లేదు. విండోస్ మళ్లీ వేసినా, ఎస్ఎస్‌డీ (ఫైళ్లన్నీ ఉండే డ్రైవ్) మార్చినా అదే స్క్రీన్.

దీని వెనక ఉన్న సంగతి అందరూ తెలుసుకోవాలి. మన దగ్గర అమ్మే పాత లాప్‌టాప్‌లలో చాలావరకు ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలించుకున్నవే. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటి గట్టి మోడళ్లు. అవి నిజంగా మంచి సరుకే, అందులో అనుమానం లేదు. అయితే చాలా కంపెనీలు తమ లాప్‌టాప్‌లను మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ అనే పద్ధతిలో తమ పేరు మీద నమోదు చేసుకుంటాయి. ఆ నమోదు మెషిన్ హార్డ్‌వేర్‌కు ముడిపడి, మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉంటుంది. అమ్మేముందు కంపెనీ దాన్ని తొలగించాలి. తొలగించకపోతే ఆ లాప్‌టాప్ ఎన్ని చేతులు మారినా, రీసెట్ చేసి నెట్ కలిపిన ప్రతిసారీ పాత యజమానినే అడుగుతుంది. ఈ సంగతి షాపువాళ్లకు బాగా తెలుసు. అందుకే కొందరు నెట్ కలపకుండా లోకల్ అకౌంట్‌తో విండోస్ వేసి, అంతా బాగున్నట్టు చూపించి అమ్ముతారు. మనం రీసెట్ చేసేదాకా బయటపడదు. పైగా కంపెనీ వదిలించుకున్న సరుకో, ఎవరో ఉద్యోగి దగ్గర కొట్టేసిన సరుకో కూడా మనకు తెలియదు.

కాబట్టి నా మొదటి మాట ఇదే. డబ్బు ఇవ్వకముందే, షాపులోనే, మీ కళ్లముందే విండోస్ రీసెట్ చేయించండి. సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి, ‘రీసెట్ దిస్ పీసీ’ దగ్గర అన్నీ తుడిచేసే ఆప్షన్ నొక్కించండి. ముప్పావు గంటో గంటో పడుతుంది, పట్టనివ్వండి. మళ్లీ మొదలయ్యాక మీ ఫోన్ హాట్‌స్పాట్ కలపండి. ఏ కంపెనీ పేరూ అడగకుండా మీ సొంత అకౌంట్‌తో లోపలికి వెళ్లగలిగితేనే మిగతా బేరం. ‘అంత టైం లేదు సార్, సాఫ్ట్‌వేర్ అంతా వేసే ఇస్తున్నాం కదా’ అంటే ఆ షాపు మెట్లు దిగేయండి. మ్యాక్‌బుక్ అయినా ఇదే పద్ధతి. పూర్తిగా ఎరేజ్ చేయించి, వైఫై కలిపాక ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అని గానీ, పాత యజమాని ఆపిల్ ఐడీ (ఇప్పటి పేరు ఆపిల్ అకౌంట్) అని గానీ అడిగితే దాన్ని ముట్టుకోవద్దు.

రీసెట్ మొదలుపెట్టే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెటప్ మెనూలోకి వెళ్లండి. ఆన్ చేస్తూనే డెల్‌లో ఎఫ్2, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కితే వస్తుంది. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగిపోవాలి. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ తెలియకపోతే కంపెనీ చెప్పే దారి మదర్‌బోర్డు మార్చడమే. బయోస్‌లో కనిపించే సీరియల్ నంబర్, లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న నంబర్ ఒకటేనా చూడండి. వేరుగా ఉంటే రెండు మెషిన్లు కలిపి ఒకటి చేసి ఉండొచ్చు. డెల్ అయితే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. దాన్ని డెల్ సపోర్ట్ వెబ్‌సైట్‌లో కొడితే ఆ లాప్‌టాప్ మొదట ఏ ప్రాసెసర్‌తో, ఎంత ర్యామ్‌తో వచ్చిందో తెలుస్తుంది. బయోస్‌లోనే ‘అబ్సల్యూట్’ లేదా ‘కంప్యూట్రేస్’ (పోయిన మెషిన్‌ను వెతికే సాఫ్ట్‌వేర్) అనే మాట దగ్గర ‘యాక్టివేటెడ్’ అని ఉంటే పాత కంపెనీ దాన్ని ఇంకా ట్రాక్ చేసే వీలుందని అర్థం.

ప్రాసెసర్ విషయంలో కీబోర్డు పక్కన అతికించిన స్టిక్కర్‌ను నమ్మకండి. అలాంటి స్టిక్కర్లు విడిగా కూడా దొరుకుతాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ దగ్గర అసలు పేరు ఉంటుంది. ఐ5-8350యు అంటే ఎనిమిదో జనరేషన్, ఐ5-7300యు అంటే ఏడోది, ఐ5-10310యు అంటే పదోది. ఈ తేడా ఇప్పుడు చాలా ముఖ్యం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్, ఆపై ప్రాసెసర్లే అధికారికంగా సరిపోతాయి. అందుకే ఆరో, ఏడో జనరేషన్ సరుకు మార్కెట్లో గుట్టలుగా వచ్చిపడింది. దానిమీద ఏదో విధంగా విండోస్ 11 ఎక్కించి ‘లేటెస్ట్ విండోస్ సార్’ అని అమ్ముతున్నారు. నా ఉద్దేశంలో ఎనిమిదికి తక్కువైతే ఎంత చవగ్గా ఇచ్చినా పిల్లలకు కొనకూడదు.

విండోస్ అసలుదా కాదా అన్నది సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర తెలుస్తుంది. ‘డిజిటల్ లైసెన్స్’ అని ఉంటే మంచిది. ‘ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్’ ద్వారా యాక్టివేట్ అయిందని ఉంటే, షాపులో అమ్మే లాప్‌టాప్ విషయంలో అది చాలావరకు క్రాక్ చేసిందే అయి ఉంటుంది.

బ్యాటరీ చూడటం రెండు నిమిషాల పని. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘powercfg /batteryreport’ అని కొట్టండి. ఒక ఫైల్ తయారవుతుంది, అది ఎక్కడుందో కూడా అక్కడే చెబుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. రెండోది మొదటిదానిలో 70 శాతం పైన ఉంటే పాత సరుకులో బాగున్నట్టే. సగానికి దిగితే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. ఆ తర్వాత చార్జర్ పీకేసి మిగతా పరీక్షలన్నీ బ్యాటరీ మీదే చేయండి. రీసెట్ ఒక్కటి మాత్రం చార్జర్ పెట్టి చేయించాలి. ఇంకో సంగతి. లాప్‌టాప్‌ను మూసి చదునైన బల్ల మీద పెట్టండి. ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచినట్టు కనిపించినా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఉబ్బిన లిథియం బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉంది. అది హాస్టల్ గదిలో రాత్రంతా పిల్లల మంచం పక్కన చార్జింగ్‌లో ఉంటుందని గుర్తుంచుకోండి.

వెళ్లేటప్పుడు జేబులో ఒక పెన్‌డ్రైవ్, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో ముందే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకెళ్తే ఎస్ఎస్‌డీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో, మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చెప్పేస్తుంది. ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. నోట్‌ప్యాడ్ తెరిచి ఒక్కో కీ నొక్కండి, ఒక్కటీ వదలొద్దు. కెమెరా, మైకు, స్పీకర్లు సరేసరి. స్క్రీన్ మీద పూర్తిగా తెల్లటి బొమ్మ, తర్వాత పూర్తిగా నల్లటి బొమ్మ పెట్టి చూస్తే మచ్చలు, చచ్చిపోయిన చుక్కలు కనిపిస్తాయి. రంగురంగుల వాల్‌పేపర్ మీద అవి కనిపించవు. షాపుల్లో అలాంటి వాల్‌పేపరే ఎందుకు పెడతారో ఆలోచించండి. మూత కీలు మెల్లగా తెరిచి మూస్తూ చూడండి, ఎక్కడైనా కిర్రుమంటే బాడీ లోపల విరిగి ఉండొచ్చు. చార్జర్ ఒరిజినల్ కాకపోతే డెల్ లాప్‌టాప్‌లు ఆన్ అయ్యేటప్పుడే అడాప్టర్ గుర్తుపట్టలేకపోయానని మెసేజ్ ఇస్తాయి. ఆ మెసేజ్ వచ్చినప్పుడు షాపువాళ్లు గబుక్కున ఏదో కీ నొక్కి దాటించేస్తారు, గమనించండి.

ఫోన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్ వస్తుంది. ‘కేవైఎం’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఆ నంబర్ రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో కూడా చూడొచ్చు. బ్లాక్ లిస్టులో ఉన్నట్టు వస్తే అది ఎవరో పోగొట్టుకున్న ఫోన్ కావచ్చు. అందులో మీ సిమ్ వేస్తే పోలీసుల ఫోన్ మీకే రావచ్చు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్ దగ్గర పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ కనిపిస్తుందేమో చూడండి. బ్యాటరీ, డిస్‌ప్లే మార్చి ఉంటే కొత్త మోడళ్లలో అక్కడ తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర కొంటుంటే వస్తువు చేతికి రాకముందు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక మా షాపువాళ్ల జవాబు. ‘ఆన్ చేసి చూపించాం కదా సార్, వర్కింగ్ కండిషన్‌లోనే ఇచ్చాం. రీసెట్ ఎవరు కొట్టమన్నారు?’ అన్నారు. సొంత డబ్బుతో కొన్న వస్తువును రీసెట్ చేసుకోవడానికి ఎవరినైనా అడగాలా? బిల్లు సంగతి ఎత్తితే, వాళ్లు ఇచ్చింది ‘ఎస్టిమేట్’ అని రాసిన తెల్ల చీటీ. దానిమీద జీఎస్టీ నంబర్ లేదు, సీరియల్ నంబర్ లేదు, షాపు స్టాంపు లేదు. కింద చేత్తో ‘నో రిటర్న్’ అని రాశారు. యూపీఐ డబ్బు కూడా షాపు పేరు మీద కాకుండా ఎవరిదో వ్యక్తిగత అకౌంట్‌కి వెళ్లింది. ఇవన్నీ ముందుచూపుతో చేసే పనులే. రేపు గొడవైతే అమ్మింది మేమే కాదనడానికి.

వాళ్లు ‘నో రిటర్న్’ అని రాసుకున్నంత మాత్రాన చట్టం మారిపోదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడమే అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనని నిరాకరించడం కూడా అంతే. పాత వస్తువైనా షాపు పెట్టి అమ్మేవాడు వ్యాపారే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. 5 లక్షల లోపు వస్తువులకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి ఫీజు కూడా లేదు. అయితే అన్నిటికీ ఆధారం కావాలి. అందుకే సీరియల్ నంబర్, మోడల్, వారంటీ రోజులు రాసిన జీఎస్టీ బిల్లు చేతికి వచ్చాకే, షాపు పేరున్న అకౌంట్‌కే డబ్బు పంపండి. అన్నీ చూపించి, పక్కా బిల్లిచ్చి, నెలల తరబడి వారంటీ నిలబెట్టుకునే షాపులు సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్లోనూ, మిగతా చోట్లా ఉన్నాయి. వెయ్యి రెండు వేలు ఎక్కువైనా అలాంటి చోటే కొనండి.

మేము 1915లో ఫిర్యాదు పెట్టాం. ఆ తెల్ల చీటీ, యూపీఐ రసీదు, షాపువాళ్లతో జరిగిన వాట్సాప్ చాట్ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. స్క్రీన్ మీద పేరు కనిపించిన కంపెనీ ఐటీ విభాగానికి కూడా సీరియల్ నంబర్, ఫోటోలు పంపి మెయిల్ రాశాం. ఆ లాప్‌టాప్‌ను వాళ్లే పద్ధతి ప్రకారం అమ్మి ఉంటే నమోదు తీసేయమని, పోయిన సరుకైతే ఏం చేయాలో చెప్పమని అడిగాం. ఇంకా జవాబు రాలేదు. క్లాసులు మొదలయ్యాయి కాబట్టి ప్రస్తుతానికి నా పాత లాప్‌టాప్ వాడికి ఇచ్చాను. ఫిర్యాదు మీద షాపువాళ్లు దిగిరాకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్తాం.