ఫుచు ఒకటి కాదు, మూడు: జపాన్‌లో ఊరి పేరు చూసి గది బుక్ చేసేవాళ్లకు

జపాన్‌లో ఫుచు అనే నగరాలు రెండున్నాయి. ఒకటి టోక్యోలో, ఇంకొకటి హిరోషిమా ప్రిఫెక్చర్‌లో (ప్రిఫెక్చర్ అంటే ఇప్పటి జపాన్‌లో పెద్ద పాలనా విభాగం). రాసే అక్షరాలు కూడా అవే, రెండూ నగరాలైంది 1954లోనే. అవి చాలవన్నట్టు నాలుగు వైపులా హిరోషిమా నగరమే ఉన్న ఫుచు పట్టణం మరొకటి. పాత రోజుల్లో దేశం రాష్ట్రాలుగా ఉన్నప్పుడు గవర్నరు కచేరీ ఉన్న ఊరికి ఈ పేరు వచ్చింది. టోక్యో ఫుచు ముసాషి రాష్ట్రానికి, హిరోషిమాలోని నగరం బింగోకి, పట్టణం అకికి రాజధానులు.

మూడింటిలో పనిగట్టుకుని వెళ్లదగ్గది టోక్యో ఫుచు. షింజుకు నుంచి కేయో లైన్ స్పెషల్ ఎక్స్‌ప్రెస్‌లో అరగంట లోపే చేరతారు. స్టేషన్ నుంచి ఐదు నిమిషాలు నడిస్తే ఒకునితమ ఆలయం. దాని పక్కనే తవ్వకాల్లో బయటపడిన పాత కచేరీ స్థలం ఉంది, స్తంభాలు ఉండిన చోట ఎర్రటి స్తంభాలు నిలబెట్టారు. ఒక పూట చాలు, రాత్రి బస అక్కర్లేదు. ఏప్రిల్ 30 నుంచి మే 6 దాకా కురయామి ఉత్సవం, ముఖ్యమైన రోజు మే 5న జనం విపరీతం.

బింగో ఫుచుకి ఫుకుయామాలో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) దిగి ఫుకుఎన్ లైన్ ఎక్కాలి, దాదాపు ముప్పావుగంట. ఫుచు దాటాక కరెంటు లైను లేదు, డీజిల్ బండ్లు రోజుకి కొన్నే. పైనున్న జోగే పాతబజారు చూడాలనుకుంటే తిరుగు బండి టైము ముందే చూసుకోండి, బస ఫుకుయామాలో పెట్టుకోవడమే నయం. మూడో ఫుచులో మజ్దా కార్ల కంపెనీ మ్యూజియం తప్ప చూసేదేమీ లేదు. దానికి ఆన్‌లైన్ బుకింగ్ తప్పనిసరి, దిగాల్సింది ముకైనడ స్టేషన్‌లో.

దాతే పేరుతోనూ రెండు నగరాలున్నాయి, వాటి కథ వేరు. ఫుకుషిమాలోని దాతే ప్రాంతం దాతే వంశానికి పుట్టిల్లు. 1868-69 నాటి బోషిన్ అంతర్యుద్ధంలో ఓడి భూములు పోగొట్టుకున్న ఆ వంశపు ఒక శాఖ, 1870 నుంచి తమ జనంతో ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవికి వలస వెళ్లింది. వాళ్ల పేరే అక్కడి ఊరికీ నిలిచింది. అది 1972లో నగరమైంది, ఫుకుషిమా దాతే 2006లో. రైల్లో తేడా పోల్చుకోవడం తేలిక: హొక్కైడో స్టేషన్ పేరు దాతే-మోంబెత్సు. కితాహిరోషిమా కూడా వలసే. 1884లో హిరోషిమా నుంచి వెళ్లిన పాతిక కుటుంబాల ఊరు అది, సప్పోరో దగ్గర ఉంది. 2023లో ఎస్కాన్ ఫీల్డ్ బేస్‌బాల్ స్టేడియం తెరిచాక అక్కడ మ్యాచ్ రోజుల్లో గదులు దొరకడం కష్టం. కంగారులో హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని కితాహిరోషిమా పట్టణంలో బుక్ చేశారో, మ్యాచ్ మర్చిపోవడమే!

డబ్బు ఎక్కువ పోయేది కుసత్సు దగ్గర. వేడినీటి బుగ్గలది గున్మాలోని పట్టణం. నగానొహర-కుసత్సుగుచి స్టేషన్‌లో దిగి అరగంట లోపు బస్సు. షిగాలోని కుసత్సు నగరం క్యోటోకి ఇరవై నిమిషాల దూరం. పాత తోకైదో, నకసెందో దారులు కలిసే మజిలీ ఊరు. బుకింగ్ సైట్లలో రెండూ ఒకే వరుసలో కనిపిస్తాయి, షిగా హోటళ్లు చవగ్గా కనిపించి ఊరిస్తాయి.

ఖాయంగా తేల్చేది పిన్‌కోడ్. 377తో మొదలైతే గున్మా కుసత్సు, 525 అయితే షిగా. ఫుచులకు 183 టోక్యో, 726 బింగో, 735 మజ్దా పట్టణం. డబ్బు కట్టే ముందు హోటల్ చిరునామాలో ఈ మూడంకెలు చూడండి. మ్యాప్‌లో ఊరి పేరు కొట్టకుండా పిన్‌కోడే కొట్టండి, ఒసాకా స్టేషన్ పక్కన కూడా ఒక ఫుకుషిమా స్టేషన్ ఉంది మరి.