మూడోసారీ నెగటివ్ వచ్చాక: విశాఖ ఐవీఎఫ్ సెంటర్ల ‘రివ్యూ కన్సల్టేషన్’ ఫీజుకు తగ్గదేనా?

రామ్‌నగర్ నుంచి మహారాణిపేట మీదుగా కేజీహెచ్ వైపు వెళ్తుంటే సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులకు కొదవుండదు. బోర్డు మీద నవ్వుతున్న పసిబిడ్డ, పక్కన సక్సెస్ శాతం. ఎన్నిసార్లు ప్రయత్నించి ఆపాలో మాత్రం ఏ బోర్డూ చెప్పదు. అది చెప్పాల్సింది లోపల, రెండు మూడు సైకిళ్ళు (చికిత్స విడతలు) ఫెయిలయ్యాక పిలిచే ‘రివ్యూ’లో. ఈ సమీక్ష ఆ రివ్యూ గురించే. సెంటర్ల పేర్లు పెట్టడం లేదు. ఒకే సెంటర్‌లో కూడా ఒక డాక్టరు గది దాటి ఇంకో గదిలోకి వెళితే సేవ మారిపోతుంది కాబట్టి పేరు చెప్పినా పెద్ద ఉపయోగం లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఎంబ్రియాలజీ రిపోర్టు (ల్యాబ్‌లో పిండాలు ఎలా పెరిగాయో రాసిన కాగితం) టేబుల్ మీద పెట్టి, పోయిన సైకిల్ ఎక్కడ తెగిందో వేలు పెట్టి చూపించి, ఈసారి ఏం మారుస్తారో చెప్పగలిగితే ఆ ఫీజు దండగ కాదు. ‘అంతా బాగానే ఉందమ్మా, లక్ కలిసిరాలేదు, మళ్ళీ చేద్దాం’ అని ప్యాకేజీ కౌంటర్‌కు పంపిస్తే అది రివ్యూ కాదు, అమ్మకం.

చేతికిచ్చే డిశ్చార్జ్ సమ్మరీ దీనికి చాలదు. అందులో ‘పికప్ చేశాం, ట్రాన్స్‌ఫర్ చేశాం, మందులు వాడండి’ అన్నదానికి మించి ఉండదు. పికప్ అంటే అండాలు బయటికి తీయడం, ట్రాన్స్‌ఫర్ అంటే పిండాన్ని గర్భసంచిలో పెట్టడం. అడగాల్సినవి మూడు కాగితాలు: ఇంజెక్షన్ల చార్టు (ఏ రోజు ఎన్ని యూనిట్లు, ఏ స్కాన్‌లో ఫాలికల్స్ అనే అండాల సంచులు ఏ సైజు, అండాల్ని పక్వం చేసే ఆఖరి ఇంజెక్షన్ ట్రిగ్గర్ ఏ టైముకి), ల్యాబ్ వాళ్ళ ఎంబ్రియాలజీ షీటు, ట్రాన్స్‌ఫర్ నోట్. డాక్టరుగారి ఎదురుగా మొహమాటపడి నోటితో అడిగితే ‘చూద్దాం’ అంటారు. రిసెప్షన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని ఇండియన్ మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. ఆ అంకె చెబితే చాలు, ఫైలు త్వరగానే కదులుతుంది.

ఇప్పుడు ఆ షీటు ఎలా చదవాలో చూద్దాం. ఉదాహరణకు ఇలా ఉందనుకోండి: అండాలు 11, పక్వమైనవి (ఎంటూ) 8, ఫలదీకరణ జరిగినవి (టూ పీఎన్) 6, మూడో రోజుకి 5, ఐదో రోజుకి బ్లాస్టోసిస్ట్ (ఐదో రోజు దశకు ఎదిగిన పిండం) 1, గ్రేడు 3బీసీ (దీని అర్థం కింద చెబుతాం). ఈ కుటుంబానికి ఇంట్లో అందరూ చెప్పే మాట ‘గర్భం నిలవలేదు’. కాగితం చెప్పేది వేరు. గర్భసంచి దాకా వెళ్ళకముందే, మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్యలోనే పని చెడింది. పిండం సొంత జన్యువులు పనిలోకి దిగేది సుమారు మూడో రోజు నుంచే. అంతవరకు అండంలోని సరుకుతో బండి నడుస్తుంది. అక్కణ్ణుంచి కుప్పకూలితే అండం వయసును, వీర్యకణాల డీఎన్‌ఏను, ల్యాబ్ కల్చర్‌ను అనుమానించాలి. ఇలాంటి షీటు చేతిలో పెట్టుకుని గర్భసంచి పొరకు ఖరీదైన టెస్టు రాస్తే, కాలు విరిగినవాడికి కళ్ళజోడు రాసినట్టే.

తెగిన చోటు మారితే కథ మారుతుంది. 11 అండాల్లో పక్వమైనవి నాలుగే ఉంటే ట్రిగ్గర్ టైము చూడాలి. ట్రిగ్గర్‌కీ పికప్‌కీ మధ్య 34 నుంచి 36 గంటలు ఉండాలి. రాత్రి పదింటికి వేసుకుంటే ఎల్లుండి పొద్దున తొమ్మిదికి 35 గంటలు. విజయనగరంలోనో పాలకొండలోనో కాంపౌండర్ దొరక్క పన్నెండింటికి వేయించుకుని, ఆ మాట చెప్పకపోతే 33 గంటలే అవుతుంది. పెన్ను ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ గడ్డకు ఆనించి రైల్లో తెస్తే గడ్డకట్టి పాడవుతాయి, మే నెల ఎండలో సంచిలో పెట్టుకొస్తే వేడికి పాడవుతాయి. ఈ రెండు ప్రశ్నలూ రివ్యూలో అడిగే డాక్టరు దొరికితే అక్కడే ఉండండి. పక్వమైన అండాలున్నా, ఇక్సీ (వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించడం) చేసినా ఒక్కటీ ఫలదీకరణ కాకపోతే అండాన్ని కాల్షియం అయానోఫోర్‌తో ప్రేరేపించే పద్ధతి ఒకటుంది. ల్యాబ్‌లో అది చేస్తారో లేదో కనుక్కోవాలి. అసలు అండాలే రెండు మూడు వస్తుంటే ఏఎంహెచ్ (అండాల నిల్వను అంచనా వేసే రక్తపరీక్ష), రెండో రోజు స్కాన్‌లో ఫాలికల్స్ లెక్క పక్కపక్కన పెట్టి మాట్లాడాలి. ఏఎంహెచ్ చెప్పేది సంఖ్య గురించే, నాణ్యత గురించి కాదు. నాణ్యతను ప్రధానంగా నిర్ణయించేది వయసు.

గ్రేడులో మొదటి అంకె పిండం ఎంత విచ్చుకుందో, మొదటి అక్షరం బిడ్డగా మారే కణాల గుంపునూ, రెండోది మాయగా మారే పొరనూ చెబుతాయి. 4ఏఏ లాంటివి మూడుసార్లు పెట్టినా నిలవకపోతే అప్పుడు గర్భసంచి వైపు చూడటంలో అర్థముంది.

ఆ వైపు చూడాల్సినవి నిజానికి పాత టెస్టులే. హిస్టరోస్కోపీ (గర్భసంచిలోకి కెమెరా పంపి చూడటం) చేసి పాలిప్ (చిన్న కండ), సెప్టమ్ (అడ్డుగోడ), అతుకులు ఉన్నాయేమో చూడటం. ట్యూబులో నీరు చేరిందేమో చూడటం. ఇలా నీరు చేరిన ట్యూబు, అంటే హైడ్రోసాల్పింక్స్ ఉంటే ఆ నీరు గర్భసంచిలోకి కారి పిండాన్ని నిలవనివ్వదు. ట్యూబు తీసేయడమో క్లిప్ వేయడమో చేశాకే తర్వాతి ట్రాన్స్‌ఫర్. పాత హెచ్ఎస్‌జీ (ట్యూబుల ఎక్స్‌రే) ఫిల్మ్‌లో అది కనిపిస్తున్నా పట్టించుకోకుండా రెండు సైకిళ్ళు చేసిన ఫైళ్ళుంటాయి, కాబట్టి పాత ఫిల్ములు పారేయకండి. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచేవి) చూసి, పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్ళీ చూడాలి, ఒక్కసారితో ముద్ర వేయకూడదు. థైరాయిడ్, ఇద్దరి కార్యోటైప్ (క్రోమోజోముల పరీక్ష) సరేసరి. టీబీ విషయంలో జాగ్రత్త: గర్భసంచి పొరలోంచి తీసిన ముక్కకు పీసీఆర్ ఒక్కటే పాజిటివ్ వచ్చిందని ఆరు నెలల మందులు మొదలుపెట్టేముందు బయాప్సీ, కల్చర్, లాప్రోస్కోపీలో కనిపించినది కూడా కలిపి చూడమనండి.

ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్‌లో (ఫ్రీజర్‌లో దాచిన పిండాన్ని పెట్టేటప్పుడు) పొర మందం 7 మిల్లీమీటర్లు దాటిందా అని అందరూ చూస్తారు. రక్తంలో గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టెరాన్ ఎంతుందో చూసేవాళ్ళు తక్కువ. మందులతో పొర పెంచిన సైకిల్‌లో అది మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల లోపుంటే చాలామంది నిపుణులు డోసు పెంచడమో, ఇంజెక్షన్ కలపడమో చేస్తారు. అదే తరహా మందు డైడ్రోజెస్టెరాన్ మాత్రలు వాడుతుంటే మాత్రం అవి ఈ రక్తపరీక్షలో కనిపించవని గుర్తుంచుకోవాలి. చవకైన టెస్టు కాబట్టేనేమో రివ్యూలో దీనికి పెద్ద మర్యాద లేదు.

ట్రాన్స్‌ఫర్ నోట్‌లో ‘డిఫికల్ట్’, ‘టెనాక్యులమ్ (గర్భాశయ ముఖాన్ని పట్టుకునే పనిముట్టు) వాడాం’, ‘క్యాథెటర్‌కు (పిండాన్ని లోపలికి పంపే సన్నటి గొట్టం) రక్తం’ లాంటి ముక్కలుంటే తర్వాతిసారి ముందుగా మాక్ ట్రాన్స్‌ఫర్ (పిండం లేకుండా చేసే రిహార్సల్) చేయమని అడగండి. ఒక్క వాక్యమే, కానీ ఆ నోట్ తెరిచి చూడకుండా రివ్యూ ముగిసిపోవడం మామూలే.

భర్త వైపు పరీక్షలు ఎప్పుడూ ఆఖర్న గుర్తొస్తాయి. భార్యకు మూడు హిస్టరోస్కోపీలు అయ్యుంటాయి, ఆయన ఫైల్లో రెండేళ్ళనాటి కౌంట్ రిపోర్టు ఒక్కటి. మూడో రోజు తర్వాత పిండాలు ఆగిపోతుంటే వీర్యకణాల డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష (డీఎన్‌ఏ ఎంత ముక్కలైందో చూసేది), వేరికోసీల్ (వృషణాల దగ్గర రక్తనాళాల ఉబ్బు) ఉందేమో యూరాలజిస్టు చూడటం, రెండూ అవసరం. వీర్యకణం తయారవ్వడానికి రెండున్నర నెలలు పడుతుంది. అంటే సిగరెట్టు ఈరోజు మానేస్తే ఫలితం మూడు నెలల తర్వాతి శాంపిల్‌లో. వచ్చే నెలే సైకిల్ మొదలెడదామనే తొందర ఇక్కడ పనికిరాదు.

ఇక రివ్యూలో బిల్లు పెంచే భాగం. పొరను గీకే ‘స్క్రాచింగ్’ మీద 2019లో 1364 మందితో జరిగిన ట్రయల్‌లో గీకినవాళ్ళకూ గీకనివాళ్ళకూ ప్రసవాల రేటు ఒక్కటే, 26.1 శాతం. పిండం పెట్టే గంటను నిర్ణయిస్తామనే ఎరా టెస్టు మీద 2022లో 767 మందితో జరిగిన ట్రయల్‌లో, టెస్టు ప్రకారం టైము మార్చినవాళ్ళలో 58.5 శాతం, మామూలుగా పెట్టినవాళ్ళలో 61.9 శాతం ప్రసవించారు. ఆ ట్రయల్ అచ్చంగా పదేపదే ఫెయిలైనవాళ్ళ మీద జరిగింది కాదన్నది నిజమే, కానీ ఖరీదైన టెస్టుకు అంత నమ్మకం ఇవ్వాల్సిన పనిలేదని అర్థమవుతుంది. ఇంట్రాలిపిడ్ (కొవ్వు ద్రవం) డ్రిప్పులు, ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు), భర్త రక్తకణాలతో ఇచ్చే ఇమ్యూనోథెరపీ: పదేపదే పిండం నిలవనివాళ్ళకోసం యూరప్ నిపుణుల సంఘం ఈష్రే 2023లో ఇచ్చిన సిఫార్సులు వీటిని వద్దన్నాయి. ఎవరైనా రాస్తే కారణం కాగితం మీద రాసివ్వమనండి.

పీజీటీ-ఏ (పిండం క్రోమోజోముల పరీక్ష) వీటికంటే మెరుగే, అయినా దానిచుట్టూ అపోహ ఉంది. అది పిండాన్ని బాగుచేయదు, ఉన్నవాటిలో క్రోమోజోములు సరిగా ఉన్నదాన్ని ఏరుతుంది. వయసు 38 దాటి, బ్లాస్టోసిస్టులు నాలుగైదు వస్తుంటే, పనికిరాని ట్రాన్స్‌ఫర్లూ గర్భస్రావాలూ తగ్గుతాయి. ఒక్కటే వస్తుంటే ఏరడానికేముంది? రిపోర్టులో ఆడో మగో చెప్పడం నేరమని వేరే చెప్పక్కర్లేదు.

ప్యాకేజీల సంగతి. మూడు సైకిళ్ళ ప్యాకేజీ, ‘ఫలితం రాకపోతే డబ్బు వాపసు’, ఈఎంఐ డెస్కు అన్నీ రివ్యూ గది పక్కనే ఉంటాయి. సంతకానికి ముందు అడగాల్సింది: సైకిల్ అంటే పికప్పా, ట్రాన్స్‌ఫరా? మందులు కలిపా, విడిగానా? మధ్యలో సైకిల్ రద్దయితే లెక్కలోకి వస్తుందా? వాపసు షరతుల్లో దాత అండానికి ఒప్పుకోవాలనే పాయింటు ఉందా? మూడుకి డబ్బు కట్టేస్తే రెండో ఫెయిల్యూర్ తర్వాత ఆపేయాలని మనసుకు అనిపించినా, ‘కట్టేశాం కదా’ అని మూడోదానికి వెళ్ళడం ఖాయం. మా దృష్టిలో ప్యాకేజీకి అసలు నష్టం అదే. ఆరోగ్య బీమా మీద ఆశపెట్టుకోవద్దు. పాలసీ కాగితంలో ‘ఎక్స్‌క్లూజన్ 17’ దగ్గర సంతానలేమి మినహాయింపు ఉందేమో చూసుకోండి.

కొనసాగించాలా వద్దా అన్నదానికి ఫైలు ఇచ్చే సమాధానం చాలాసార్లు స్పష్టంగానే ఉంటుంది. మంచి బ్లాస్టోసిస్టులు ఫ్రీజర్‌లో మిగిలి ఉంటే, లేదా తెగిన చోటు దొరికి మార్చేదేమిటో తెలిస్తే, లేదా వయసు 37 లోపై పిండాలు తయారవుతుంటే ఇంకోసారికి కారణముంది. డోసూ పద్ధతీ మార్చి రెండుసార్లు చేసినా ఐదో రోజుకు ఒక్కటీ మిగలకపోతే, లేదా వయసు 43 దాటి అండాలు ఒకటీ రెండే వస్తుంటే, సొంత అండాలతో ఇంకో సైకిల్ సలహా ఇచ్చే డాక్టరు మీ మనసు నొప్పించకుండా చూస్తున్నారే తప్ప మేలు చేయడం లేదు. అప్పుడు మిగిలేది దాత అండం. 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన సాఫల్య చికిత్సల చట్టం) ప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకు మించి అండాలు తీయకూడదు, అదీ రిజిస్టరైన బ్యాంకు ద్వారానే. చెల్లెలు ఇస్తానంటోందని నేరుగా క్లినిక్‌కు తీసుకెళ్తే కుదరదు. చికిత్స తీసుకునే భార్యకు 50, భర్తకు 55 దాటకూడదు.

ఇంకెన్నిసార్లు, ఎంత డబ్బు, ఏ తేదీదాకా అన్న మూడు అంకెలూ సైకిల్ మొదలవకముందే రాసుకోవాలి. బీటా రిపోర్టు (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) నెగటివ్ వచ్చిన వారంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ఏ అడ్వాన్సూ కట్టొద్దు. విధానం, ఖర్చు, విజయావకాశాలు, ప్రమాదాలు వివరించి కౌన్సెలింగ్ ఇవ్వడం చట్టప్రకారం క్లినిక్ బాధ్యత. కానీ ‘కౌన్సెలర్’ అన్న బోర్డు కింద కూర్చునేది చాలాచోట్ల రేట్లు చెప్పే మనిషే. ఈ సేవలో అన్నిటికంటే తక్కువ మార్కులు దీనికే. బయట సైకాలజిస్టు దగ్గర ఒక గంట, ఇద్దరూ కలిసి, అత్తగార్లూ అమ్మగార్లూ లేకుండా కూర్చోవడం మేలు.

సెంటర్ మారాలనుకుంటే గోడమీది ఏఆర్‌టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో గడువు తేదీ చదవండి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసు గుర్తుండే ఉంటుంది: సరోగసీ బిడ్డ అని చేతికిచ్చారు, డీఎన్‌ఏ పరీక్షలో వాళ్ళ బిడ్డ కాదని తేలింది, ఆ వ్యవహారం మన ఊరిదాకా వచ్చింది. ఫ్రీజర్‌లోని పిండాలను వేరే చోటికి మార్చడం కూడా కొరియర్‌లో సామాను పంపినట్టు కాదు. సొంత వాడకం కోసమైనా ఏఆర్‌టీ జాతీయ బోర్డు అనుమతి కావాలని చట్టంలో ఉంది. పాత సెంటర్‌తో గొడవపడకముందే ఈ విషయం కనుక్కోవాలి.

ఆపేద్దామనుకున్నా రెండు పనులుంటాయి. దత్తత ఆలోచన ఉంటే వయసుల లెక్క ఇప్పుడే వేయండి. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే రిజిస్ట్రేషన్ నాటికి దంపతులిద్దరి వయసులు కలిపి 85 దాటకూడదు, నాలుగేళ్ళలోపైతే 90. ఆమెకు 41, ఆయనకు 43 అయితే ఈరోజు మొత్తం 84. ఇంకో ఏడాది సైకిళ్ళలో గడిస్తే 86. ఆ వరుసలో నిరీక్షణ ఏళ్ళ తరబడి ఉంటుంది కాబట్టి ఆ ఒక్క ఏడాది చాలా ఖరీదైనది.

రెండోది ఫ్రీజర్‌లో మిగిలినవాటి సంగతి. నిల్వకు చట్టం ఇచ్చిన గరిష్ఠ గడువు పదేళ్ళు. ఆ తర్వాత నశించనివ్వడమో, ఇద్దరి అంగీకారంతో పరిశోధనకు ఇవ్వడమో. ఏడాదికోసారి వచ్చే నిల్వ ఫీజు మెసేజ్‌కు జవాబివ్వకుండా ఊరుకోవద్దు. అందులో ఉన్న పిండాల సంఖ్య, గ్రేడు, పెట్టిన తేదీ మీ షీటుతో సరిపోయాయో లేదో చూసి, కొనసాగించాలో వద్దో ఇద్దరూ సంతకం చేసి ఇవ్వండి. కాపీ మీద స్టాంపు మర్చిపోకండి.