ఓడదొంగల నాయిక ఎవరు? నవలకు కరీబియన్ మేలా, ఐర్లండా, దక్షిణ చైనానా?

స్త్రీ ముఖ్యపాత్రగా సముద్రపు దొంగల చారిత్రక నవల రాయాలనుకునేవాళ్లు తరచూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు. కరీబియన్‌లో దోపిడీలు చేసిన ఆన్ బానీ, మేరీ రీడ్‌ల కథ తీసుకోవాలా? ఐర్లండుకు చెందిన గ్రేస్ ఒమాలీదా? లేక దక్షిణ చైనాలో దొంగల దళాలను నడిపిన, చాలామందికి చింగ్ షీగా తెలిసిన జెంగ్ యీ సావ్‌దా? వీళ్ల కథలు స్థూలంగా అందరికీ తెలిసినవే కాబట్టి జీవిత చరిత్రల జోలికి వెళ్లను. ఎవరి కథ నవలకు నిలబడుతుందన్నదే ఇక్కడి విషయం.

నా దృష్టిలో దీన్ని తేల్చేది సాహసాల సంఖ్య కాదు. ఓడ మీద ఆమె ఎలా ఉంది, ఆమె మాట ఎందుకు చెల్లింది అన్నదే అసలు సంగతి. ఆమె మగవేషంలో దాక్కుని ఉందా, అందరికీ తెలిసే ఉందా, ఓడే ఆమెదా? ఈ మూడింటిలో ఏదో ఒకటి తేల్చుకోకుండా మొదలుపెట్టిన నవల నాలుగో అధ్యాయానికే ఆగిపోతుంది. పోరాటాలు రాయడం కష్టం కాదు. రెండు పోరాటాల మధ్య ఆమె ఓడలో ఏం చేస్తోందన్న చోటే రచయితకు కలం సాగదు.

ముందు అందరి చూపూ పడేది కరీబియన్ మీదే. 1720 ఆగస్టు 22న బహమాస్ దీవుల్లోని నసావ్ రేవులో జాన్ రాకమ్ ముఠా చిన్న తెరచాప ఓడ అయిన ‘విలియం’ అనే స్లూప్‌ను ఎత్తుకుపోయింది. గవర్నర్ వుడ్స్ రోజర్స్ సెప్టెంబరు 5న జారీ చేసిన ప్రకటనలో ఆ ముఠాలోని ఆన్, మేరీల పేర్లూ ఉన్నాయి. అంటే రెండు వారాలకే ఓడలో ఆడవాళ్లున్నారన్న సంగతి ప్రభుత్వానికి తెలుసు. పైగా ఆ ఓడ 12 టన్నులది. ఒకే తెరచాప కొయ్య, నాలుగు ఫిరంగులు, రెండు చిన్న తిరుగుడు తుపాకులు, పదిమంది పైచిలుకు మనుషులు. అంత ఇరుకులో నెలల తరబడి ఆడతనాన్ని దాచడం కుదరని పని. దాచినట్టు కోర్టు కాగితాల్లోనూ లేదు.

నవంబరు 28న జమైకాలోని స్పానిష్ టౌన్‌లో వాళ్ల విచారణ జరిగింది. ఓడలో బందీలుగా ఉన్న ఇద్దరు ఫ్రెంచివాళ్ల సాక్ష్యం ప్రకారం, వేటకో దాడికో దిగేటప్పుడు మాత్రం ఆ స్త్రీలు మగ దుస్తులు వేసుకునేవాళ్లు, మిగతా వేళల్లో ఆడ దుస్తుల్లోనే ఉండేవాళ్లు. ఆన్ బానీ మగవాళ్లకు మందుగుండు అందించేది. మనం సినిమాల్లో, కథల్లో చూసే మగవేషం, ఆ వేషం వల్ల పుట్టిన ప్రేమ తికమక, ఇవన్నీ 1724లో లండన్‌లో అచ్చయిన ఓడదొంగల చరిత్ర పుస్తకంలోంచి వచ్చాయి. మగవాళ్లు దాదాపు అంతా కింద దాక్కుంటే ఇద్దరు స్త్రీలు పైన నిలబడి పోరాడారన్న దృశ్యమూ అక్కడిదే. విచారణలో చెప్పింది వేరు. రాత్రి పది గంటల వేళ బార్నెట్ అనే కెప్టెన్ లొంగిపొమ్మన్నాడు. వీళ్లు ఒక తిరుగుడు తుపాకీ పేల్చారు. అవతలి ఓడ ఒక్కసారిగా కాల్చేసరికి తెరచాప కింది దూలం విరిగిపోయింది. వెంటనే వీళ్లు ప్రాణభిక్ష అడిగారు. అంతటితో పోరాటం ముగిసింది.

కాబట్టి చరిత్రకు కట్టుబడి రాస్తే చేతికి మిగిలేది రెండు నెలల కాలం, చేపల పడవలు, ఒక చిన్న ఓడ నుంచి లాక్కున్న 50 చుట్టల పొగాకు, 9 బస్తాల పిమెంటో అనే మసాలా దినుసు. మూడు వందల పేజీల సాహస నవలకు ఇది చాలదు. చాలదని తెలిసిన రచయిత 1724 నాటి పుస్తకంలోని కల్పనను అరువు తెచ్చుకుంటాడు. అప్పుడది ఇదివరకు వంద మంది రాసిన కథే అవుతుంది.

ఇదే కథను 150 పేజీలకు కుదించి, కోర్టు చుట్టూ తిప్పితే మాత్రం చాలా బలంగా వస్తుంది. అలాంటి నవల చెప్పాల్సింది ఆన్ బానీ కాదు, డొరొతీ థామస్. సరుకులు వేసుకుని చిన్న పడవలో వెళ్తుంటే ఈ ముఠా ఆమెను దోచుకుంది. ఆ ఇద్దరు స్త్రీలు మగ చొక్కాలు, పొడుగు లాగులు వేసుకుని, తలకు రుమాళ్లు కట్టుకుని, చేతుల్లో కత్తి, పిస్తోలుతో ఉన్నారని, రేపు తమ మీద సాక్ష్యం చెప్పకుండా ఆమెను చంపేయమని మగవాళ్లను తిట్టి మరీ చెప్పారని ఆమె కోర్టులో చెప్పింది. తనను చంపమన్న ఆడవాళ్ల మీద బతికి బయటపడిన ఆడమనిషే సాక్ష్యం చెప్పడం కన్నా గట్టి నాటకం ఈ కథలో ఇంకోటి లేదు. శిక్ష పడ్డాక ఇద్దరూ కడుపుతో ఉన్నామని చెప్పుకుని ఉరి ఆపించుకున్నారు. మేరీ రీడ్‌ను 1721 ఏప్రిల్ 28న పూడ్చినట్టు చర్చి పుస్తకంలో ఉంది. ఆన్ బానీ ఏమైందో నికరమైన ఆధారం లేదు, అక్కడ రచయిత స్వేచ్ఛగా రాసుకోవచ్చు.

గ్రేస్ ఒమాలీ విషయానికొస్తే ఓడ ఆమెదే, మనుషులూ ఆమెవాళ్లే. 1577లో గాల్వేకు వచ్చిన ఇంగ్లండు తరఫున ఐర్లండును ఏలుతున్న హెన్రీ సిడ్నీ దగ్గర ఆమె మూడు గాలీలు, రెండు వందల మంది పోరాడేవాళ్లు ఉన్నారని చెప్పుకుంది. దాక్కోవాల్సిన పనే లేదు. అయితే గాలీ తెడ్ల ఓడ. 1601లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ చూసిన ఆమె గాలీకి ముప్పై తెడ్లు, వంద మంది తుపాకీ మనుషులు ఉన్నారు. గాలి పడిపోయినా ఇది కదులుతుంది, లోతులేని అఖాతాల్లోకి దూరుతుంది. కానీ అంత మందికి మంచినీళ్లు, తిండి పెట్టుకుని రోజుల తరబడి నడిసముద్రంలో ఉండలేదు. అంచులు ఎత్తు తక్కువ కాబట్టి అట్లాంటిక్ అల పెద్దదైతే నీళ్లు లోపలికొస్తాయి. అందువల్ల కథ మాటిమాటికీ ఒడ్డుకు చేరుతుంది. క్లూ బే, క్లేర్ దీవి, రాక్‌ఫ్లీట్ కోట చుట్టూ తిరుగుతుంది. ఒడ్డుకు చేరాక అది కోటలు, పశువులు, కొడుకుల ఆస్తులు, గవర్నర్ రిచర్డ్ బింగమ్‌తో తగాదాల కథ అయిపోతుంది. 1593లో ఆమెకు ఇంగ్లండు ప్రభుత్వం పంపిన పద్దెనిమిది ప్రశ్నలు, ఆమె ఇచ్చిన జవాబులు దొరుకుతాయి. అదే ఏడాది గ్రీనిచ్‌లో ఎలిజబెత్ రాణిని కలిసింది. వంశ నవల రాసేవాళ్లకు ఇది మంచి కథే. సముద్రం కోసం వచ్చిన పాఠకుడికి మాత్రం తృప్తినివ్వదు.

ఇక జెంగ్ యీ సావ్. నేనైతే మొగ్గేది ఇటువైపే. జంక్ అనే ఈ చైనా తెరచాప ఓడల్లో ఆడవాళ్లు ఉండటం వింత కాదు. 1809 సెప్టెంబరు 21న పట్టుబడి డిసెంబరు దాకా బందీగా ఉన్న రిచర్డ్ గ్లాస్‌పూల్ అనే ఈస్టిండియా కంపెనీ ఓడ అధికారి కళ్లారా చూసి రాశాడు. ఈ దొంగలకు ఒడ్డు మీద ఇళ్లు లేవు. ఓడ వెనక భాగం కెప్టెన్‌కూ అతని భార్యలకూ, మిగతా ప్రతి మనిషికీ సుమారు నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చోటు. అందులోనే పెళ్లాం, పిల్లలు. మగవేషం గొడవే లేకుండా పుట్టుకలు, వంటలు, జబ్బులు, అప్పులు, పగలు అన్నీ అదే ఓడ మీద జరుగుతాయి. రెండు పోరాటాల మధ్య ఏం రాయాలన్న బెంగ ఉండదు.

రెండో బలం, ఆమె మాట చెల్లడానికి కారణం రచయిత పుట్టించాల్సిన పని లేదు. 1805లో దొంగల నాయకులు ఒప్పందం రాసుకున్నారు. ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు జెండాల కింద ఆరు దళాలు ఏర్పడ్డాయి. 1807 నవంబరులో ఆమె భర్త జెంగ్ యీ చనిపోయాడు. భర్త బంధువుల్ని తనవైపు తిప్పుకోవడం, భర్త పెంపుడు కొడుకు ఝాంగ్ బావ్‌కు ఎర్రజెండా దళం అప్పగించి తర్వాత అతణ్నే పెళ్లాడటం, తక్కిన జెండాల వాళ్లను చీలిపోకుండా పట్టుకోవడం, ఇవన్నీ ఆమె చేసిన పనులు. ఉప్పు ఓడలు సొమ్ము కట్టి రక్షణ చీటీ తీసుకోవాలి. దోపిడీ సరుకంతా పద్దు రాసి, పదింట రెండు వంతులు పట్టుకున్నవాళ్లకు, ఎనిమిది వంతులు ఉమ్మడి కొట్టుకు. అనుమతి లేకుండా ఒడ్డెక్కితే చెవులు చీలుస్తారు, మళ్లీ అదే పని చేస్తే ప్రాణం తీస్తారు.

ఈ కట్టుబాట్లను ఆమే రాసినట్టు చాలా పుస్తకాలు చెబుతాయి. 1830లో అచ్చయిన చైనా వృత్తాంతం వాటిని ఝాంగ్ బావ్ పేరున చెబుతుంది. నవల్లో కట్టుబాటు అతని నోట చదివించి, నిర్ణయం ఆమె గదిలో జరిగినట్టు రాస్తే చరిత్రా చెడదు, ఆమె బలమూ తగ్గదు. ఏ పని చేసినా అతను ముందు ఆమెను అడిగేవాడని ఆనాటి రాతల్లో ఉంది.

తిండి లెక్క ముందే వేసుకోవాలి. మనిషికి రోజుకు అరకిలో బియ్యం అనుకున్నా, రెండు వందల మంది ఉన్న జంక్‌కు రోజుకు వంద కిలోలు, నెలకు మూడు టన్నులు. ఇలాంటివి వందల ఓడలు. పెర్ల్ నది పాయల్లోకి దూరి ఊళ్లమీద పడటం, కప్పం వసూలు చేయడం దేనికో ఈ లెక్కే చెబుతుంది. గాలి లెక్క కూడా అంతే ముఖ్యం. వేసవిలో నైరుతి గాలి తీరం వెంట ఉత్తరానికి తీసుకెళ్తుంది, చలికాలంలో ఈశాన్యపు గాలి వెనక్కి తెస్తుంది, జులై నుంచి సెప్టెంబరు దాకా తుపాన్ల భయం. జనవరిలో వియత్నాం వైపు నుంచి ఈశాన్యానికి హాయిగా తెరచాపలెత్తి వెళ్లినట్టు రాస్తే, సముద్రం తెలిసిన పాఠకుడు పుస్తకం అక్కడే మూసేస్తాడు.

ఈ కథలో రచయితలు దాటేసే చోటు ఒకటుంది. గ్లాస్‌పూల్ చూసిన ఒక దాడిలో రెండు వందల యాభై మంది ఆడవాళ్లను, పిల్లల్ని పట్టుకొచ్చారు. సుమారు వంద మంది ఆడవాళ్లను బంధువులు సొమ్ము కట్టి విడిపించుకున్నారు. మిగిలినవాళ్లను ముఠా మనుషులకే తలకు నలభై డాలర్ల చొప్పున అమ్మారు. కొందరు సముద్రంలో దూకి చచ్చిపోయారు. కొనుక్కున్నవాడికి ఆమె చట్టబద్ధమైన భార్య, వదిలేస్తే అతనికి మరణశిక్ష. జెంగ్ యీ సావ్ కూడా పెళ్లికి ముందు గ్వాంగ్‌జౌ పడవల్లో వేశ్యావృత్తిలో ఉండేదని చరిత్రకారులు రాశారు. అలాంటి మనిషి ఆ అమ్మకపు చిట్టా చూసుకుంటూ ఏమనుకుంది? ఈ ప్రశ్నను పక్కన పెట్టి ఆమెను వీరనారిగా నిలబెట్టిన నవల అబద్ధపు నవల. దీన్ని మధ్యలో పెట్టుకుంటే మాత్రం, కరీబియన్ కథ ఎంత సాగదీసినా ఇవ్వలేని బరువు దీనికి వస్తుంది.

ముగింపు కూడా సిద్ధంగానే ఉంది. 1810 జనవరిలో నల్లజెండా నాయకుడు గువో పోదాయ్ లొంగిపోయాడు. ఝాంగ్ బావ్‌తో ప్రభుత్వానికి మొదట సాగిన లొంగుబాటు బేరం కుదరలేదు. ఏప్రిల్‌లో ఆమె ఆయుధం లేకుండా, పదిహేడు మంది ఆడవాళ్లనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని, గవర్నర్ జనరల్ బాయ్ లింగ్ దగ్గరికి నడిచి వెళ్లింది. ఆ తర్వాత 17,318 మంది మనుషులు, 226 ఓడలు, 1,315 ఫిరంగులు అప్పగించారు. ఝాంగ్ బావ్‌కు నౌకాదళంలో పదవి దక్కింది. ఆమె 1844 దాకా బతికింది. ఇంత పెద్ద సంఖ్యలు చూసి అన్ని ఓడలనూ నవల్లోకి తేబోతే పాఠకుడు తప్పిపోతాడు. ఒక జంక్, అందులో నాలుగడుగుల చదరాలు ఒక ఇరవై, ఒక పద్దుల గుమాస్తా, అమ్ముడుపోయిన ఒక ఆడమనిషి చాలు. మిగతా దళాలు ఆకాశం అంచున జెండాలుగా కనిపిస్తే సరిపోతుంది.

మొరాకోలోని తెతువాన్‌ను 1542 దాకా ఏలిన సయ్యిదా అల్ హుర్రా కూడా ఈ జాబితాలో వస్తుంది. ఆమె రాజకీయం గట్టిది, ఉస్మానీ నౌకానాయకుడు బార్బరోసాతో పొత్తు ఉంది. కానీ ఆమె ఓడ మీద గడిపిన జీవితం గురించి పట్టుకోవడానికి ఏమీ లేదు.

మన తీరాలకు దగ్గరది కావాలంటే కేథరిన్ కుక్ ఉంది. 1712లో కార్వార్ నుంచి బొంబాయి వెళ్తుండగా కాన్హోజీ ఆంగ్రే మనుషులు ఆమె ఓడను పట్టుకున్నారు. భర్త చౌన్ ఆ పోరులోనే చనిపోయాడు. గర్భిణిగా ఉన్న ఆమెను ఈస్టిండియా కంపెనీ 30,000 రూపాయలు కట్టి విడిపించింది. ఇది బందీ కథే తప్ప నాయిక కథ కాదు. పైగా ఆంగ్రే కంపెనీవాళ్లకు ఓడదొంగ, మరాఠాలకు సర్ఖేల్, అంటే నౌకాదళాధిపతి. మొదటి పేజీ రాయకముందే అతణ్ని ఎవరి కళ్లతో చూపించాలో తేల్చుకోవాలి.