మనసుని అర్థం చేసుకోవాలంటే మనిషిని అడగాలా, ప్రవర్తన చూడాలా?

సైకాలజీ మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ వచ్చే డౌటే ఇది. ఇంట్రోస్పెక్షనా (తన మనసులోకి తనే చూసుకుని చెప్పడం), బిహేవియరిజమా (బయటికి కనిపించే ప్రవర్తననే చూడడం)?

ఖర్చు: అడగడానికి పెద్దగా ఏం కాదు. ప్రవర్తన కొలవాలంటే ల్యాబూ, పరికరాలూ, బోలెడు ఓపికా కావాలి.

శ్రమ: అడగడం ఈజీ అనుకుంటాం గానీ, 1879లో లైప్‌జిగ్‌లో ల్యాబ్ పెట్టిన జర్మన్ సైకాలజిస్ట్ వుంట్ దగ్గర కూడా తమ మనసుని చూసి చెప్పే పరిశీలకులు ట్రైనింగ్ అయినవాళ్ళే.

రిస్క్: అసలు గొడవంతా ఇక్కడే. మనసులో ఏ బొమ్మా లేకుండా ఆలోచన ఉంటుందని వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీ సైకాలజిస్టులన్నారు, ఉండదని వుంట్ శిష్యుడు టిచ్‌నర్ అన్నాడు, ఇద్దరూ లోపలికి చూసే చెప్పారు, మరి ఎవరిది తప్పో తేల్చేదెవరు? ఇలాంటి తేలని గొడవలు చూసే 1913లో బిహేవియరిజం మొదలుపెట్టిన వాట్సన్ అసలు స్పృహ ఊసే వద్దు, కంటికి కనిపించేదే సైన్స్ అనేశాడు (కాస్త ఓవరే). పైగా మన నిర్ణయాలకి మనం చెప్పే కారణాలు చాలాసార్లు అసలు కారణాలు కావని 1977లో నిస్బెట్, విల్సన్ అనే సైకాలజిస్టులు చూపించారు. అలాగని ప్రవర్తన ఒక్కటే చాలదు, నొప్పి ఉన్నా పళ్ళు బిగించి కూర్చునేవాడూ ఉంటాడు, ఏం లేకపోయినా అరిచేవాడూ ఉంటాడు.

ఏది ఎప్పుడు: నొప్పి, కలలు అయితే అడగాల్సిందే, డాక్టర్లు ఇప్పటికీ సున్నా నుంచి పదిలో ఎంత అనే అడుగుతారు. పసిపిల్లలు, జంతువులు, అలవాట్లు అయితే ప్రవర్తనే దిక్కు. "ఎందుకు చేశావ్" అన్నదానికి మాత్రం నేను జవాబు వింటా గానీ నమ్మేది చేసినదాన్నే.