సాలార్‌జంగ్ మ్యూజియం: పన్నెండు కొట్టేలోపే చేరుకోండి

చిన్నప్పుడు స్కూలు విహారయాత్రలో చూసిన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి పాత స్నేహితులంతా మళ్ళీ వెళ్ళాలనుకుంటే, ముందు అది ఏ వారమో చూసుకోవాలి. శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)లో మెట్రో దిగి ఆటో ఎక్కితే, మ్యూజియం ఉన్న దారుల్‌షిఫా దగ్గరే. పెద్ద బ్యాగులు తెచ్చుకోకండి, బయట అప్పగించి టోకెన్ తీసుకోవడానికే సమయం పోతుంది.

అందరికీ గుర్తుండిపోయేది మ్యూజికల్ గడియారమే. విడిభాగాలు ఇంగ్లండు నుంచి వస్తే, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వాళ్ళు కూర్చారు. గంట కావడానికి మూడు నిమిషాల ముందే తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బయటికొస్తాడు. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. చాలామంది సరిగ్గా గంటకు పరుగెత్తుకొచ్చి, అసలు సొగసైన ఆ రాకను పోగొట్టుకుంటారు. ఒంటిగంటకు వెళ్తే ఒక్క దెబ్బతో సరి. అందుకే పన్నెండు గంటల ఆటే చూడాలి, పదకొండున్నరకే ఎదురుగా చోటు పట్టుకోవాలి. ఎదురుచూస్తున్నంతసేపూ అదే గడియారంలో సెకనుకో దెబ్బ వేసే కమ్మరి బొమ్మను గమనించండి. పిల్లలు పెద్దాయన కోసమే చూస్తారు గానీ, పనితనం ఈ చిన్నవాడిలోనే ఎక్కువ.

తరువాత ముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి బొమ్మను నిజాం ప్రధాని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ముఖం, దాని మీది పల్చని ముసుగు ఒకే రాయి. ఎదుటి నుంచి ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోతే ఆ మడతలు తెలియవు, నెమ్మదిగా పక్కకు జరుగుతూ చూడాలి.

ఒకే దుంగలో ఇద్దరు మనుషులున్న కొయ్య బొమ్మ దగ్గర కూడా నిలబడే చోటే ముఖ్యం. ముందువైపు జర్మన్ నాటకం ‘ఫౌస్ట్’లోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనకవైపు అందులోని అమాయకురాలు మార్గరెట్టా. ఆమె వెనకున్న అద్దంలో కనిపిస్తుంది. తిన్నగా నిలబడితే అతని ఒళ్ళే ఆమెను కప్పేస్తుంది. రెండడుగులు పక్కకు జరిగితే ఇద్దరూ ఒకేసారి దొరుకుతారు.

గ్యాలరీలన్నీ ఒక్క రోజులో చుట్టేయాలని చూడొద్దు, కాళ్ళ నొప్పులే మిగులుతాయి. ఇంకొక్కటి చూసే ఓపికుంటే జేడ్ అనే విలువైన రాతితో చేసిన వస్తువుల గదికి వెళ్ళండి. జహంగీరు బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి అక్కడే ఉన్నాయి. స్కూలు వాళ్ళు పిల్లల్ని ఇక్కడ ఆపరు, కాబట్టి మీ జట్టులో చాలామందికి ఇది కొత్తే.

బయటికొచ్చాక మూసీ ఒడ్డు వెంట నయాపూల్ దాకా నడిచి ఎడమకు తిరిగితే మదీనా కూడలి. భోజనం అక్కడ చేసుకుని, అదే రోడ్డున తిన్నగా వెళ్తే చార్మినార్.