బరి వదిలిన తీరు: షాన్ మైకేల్స్, అండర్‌టేకర్

ఇద్దరూ 1965లో పుట్టినవారే, ఇద్దరూ అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలో శిఖరాలు చూసినవారే. రిటైరైన తీరులో మాత్రం నా ఓటు షాన్ మైకేల్స్‌కే.

1998లో ప్రత్యర్థిని శవపేటికలో పెట్టి మూసేసే పోటీలో, దాని అంచు తగిలి మైకేల్స్ వెన్ను దెబ్బతింది. నాలుగేళ్లు ఆటకు దూరమయ్యారు. 2002లో తిరిగి వచ్చి మునుపటికన్నా గొప్పగా ఆడారు. 2010లో, డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే అతిపెద్ద వేడుక రెజిల్‌మేనియాలో, ఓడితే రిటైరవ్వాలన్న షరతుతో అండర్‌టేకర్‌పై తన కెరీర్‌నే పందెం కాశారు. ఆ చివరి క్షణాలు చూడండి: నిలబడే ఓపిక లేని మైకేల్స్ ఎదుటి మనిషిని పట్టుకుని పైకి లేచి, గొంతు కోసే సైగ చేసి, చెంప ఛెళ్లుమనిపించారు. మరుక్షణమే ఓటమి. ఫలితం ముందే నిర్ణయమైన ఆటే అయినా గుండె బరువెక్కుతుంది. 2018లో సౌదీ అరేబియాలో ఒక్కసారి మళ్లీ బరిలోకి దిగారు. అది లేకుంటే ఇంకా బాగుండేది.

అండర్‌టేకర్ ప్రస్థానం ఇంకా పెద్దది, 1990 నుంచి 2020 వరకు. రెజిల్‌మేనియాలో వరుసగా 21 విజయాలు, 2014లో రెజ్లర్ బ్రాక్ లెస్నర్ చేతిలో అక్కడ తొలి ఓటమి. 2017లో చేతి తొడుగులు, కోటు, టోపీ బరి మధ్యలో వదిలి వెళ్లారు. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. 2019లో సౌదీలోని జెడ్డాలో మరో రెజ్లర్ గోల్డ్‌బర్గ్‌తో ఆట చూడటమే కష్టమైంది. 2020లో రెజ్లర్ ఏజే స్టైల్స్‌తో సినిమాలా చిత్రీకరించిన పోరు ఆయన పరువు నిలబెట్టింది.

పాత్రగా అండర్‌టేకర్‌కు సాటి లేరు. ముగింపు ఎలా ఉండాలో నేర్చుకోవాలంటే 2010 నాటి ఆటే చూడాలి.