హిమాలయన్ చంద్ర టెలిస్కోప్: ఏళ్ల తరబడి వాడిన మీదట

8, 10 మీటర్ల అద్దాలు పనిచేస్తున్న ఈ రోజుల్లో, 2 మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను ప్రపంచ ప్రమాణాల్లో పెద్దదనలేం. అయినా సూపర్నోవాల, అంటే పేలిపోయే నక్షత్రాల, వర్ణపటాల (కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన చిత్రాల) కోసం దీన్ని చాలా ఏళ్లుగా వాడుతున్న నేను, మారిపోయే వెలుగును వెంటాడేవారికి మన దేశంలో ఇంతకన్నా నమ్మదగిన తోడు అరుదని గట్టిగా చెప్పగలను.

అందుకు మొదటి కారణం అది నిలిచిన చోటు. లద్దాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున భారతీయ ఖగోళ భౌతిక సంస్థ నెలకొల్పిన ఈ టెలిస్కోప్‌కు 2000 సెప్టెంబరులో తొలిసారి నక్షత్రకాంతి అందింది. అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, వర్ణపటంలో నీటి ఆవిరి వేసే మచ్చలు బాగా తగ్గిపోతాయి. 7,600 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఆక్సిజన్ వేసే మచ్చ మాత్రం ఎక్కడికీ పోదు. పరిశీలకులు బెంగళూరు దగ్గరి హొసకోటలో కూర్చొని ఉపగ్రహ సంబంధం ద్వారా టెలిస్కోప్‌ను నడుపుతారు కాబట్టి, ప్రాణవాయువు పలచగా ఉండే ఆ ఎత్తులో రాత్రంతా గడపాల్సిన అవసరం ఉండదు.

రెండో కారణం హెచ్‌ఎఫ్‌ఓఎస్‌సీ అనే పరికరం. 10 ఆర్క్‌నిమిషాల (డిగ్రీలో ఆరో వంతు) మేర ఆకాశాన్ని ఫొటో తీస్తున్న ఈ పరికరమే, కాంతి దారిలోకి సన్నని చీలికను, గ్రిజమ్‌ను (కాంతిని రంగులుగా విడదీసే గాజు భాగాన్ని) తీసుకురాగానే వర్ణపటమాపకంగా మారిపోతుంది. నేను ఎక్కువగా వాడేది 7, 8 నంబర్ల గ్రిజమ్‌లు. మొదటిది 3,800 నుంచి 6,840 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు, రెండోది 5,800 నుంచి 8,350 వరకు చూపుతాయి. ఒకదానికి ఐరన్-ఆర్గాన్ దీపంతో, మరొకదానికి ఐరన్-నియాన్ దీపంతో తరంగదైర్ఘ్యాలు సరిచేసి, రెండు వర్ణపటాలనూ అవి కలిసే భాగంలో అతుకుతాం. హైడ్రోజన్ ఆల్ఫా రేఖ, రాత్రి ఆకాశం తనంతట తాను వెలిగించే 6,300 ఆక్సిజన్ రేఖ రెండూ ఆ భాగంలోనే పడతాయి. అందువల్ల సరిచేయడంలో కొద్ది జరుగుబాటు మిగిలినా అక్కడే బయటపడుతుంది. సూపర్నోవా పని చేసేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

2023 మేలో ఎం101 గెలాక్సీలో వెలిగిన సూపర్నోవా తొలి రోజుల్లో, నక్షత్రం చుట్టూ ఉన్న వాయువు నుంచి వచ్చిన అయనీకృత హీలియం, కార్బన్, నైట్రోజన్ రేఖలు కొద్ది రోజుల్లోనే మాయమయ్యాయి. వాటిని ఈ టెలిస్కోప్ అందుకోగలిగింది. ఇలాంటప్పుడు కేనరీ దీవులకూ తూర్పు ఆస్ట్రేలియాకూ నడుమ హాన్లే ఉన్న రేఖాంశం ఎంత విలువైనదో తెలుస్తుంది.

మిగిలిన పరికరాల్లో టిర్‌స్పెక్ పరారుణ కాంతికి ఉపయోగపడుతుంది. 30,000, 60,000 పృథక్కరణ శక్తితో (దగ్గరదగ్గరి తరంగదైర్ఘ్యాలను విడదీసి చూపే సామర్థ్యంతో) పనిచేసే హెచ్‌ఈఎస్‌పీ ప్రకాశవంతమైన నక్షత్రాల రసాయన కూర్పు తేల్చేవారికి ఎంతో మేలు చేస్తుంది. నా మసక లక్ష్యాలకు మాత్రం అది పనికిరాదు.

పరిమితులూ ఉన్నాయి. జులై, ఆగస్టు నెలల్లో మబ్బుల వల్ల పరిశీలనల వరుస తెగిపోతుంది, సరిగ్గా అప్పుడే సూపర్నోవా గరిష్ఠ ప్రకాశానికి చేరితే ఆ లోటును పూడ్చడం కష్టం. 18వ మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ వస్తువు మసకగా ఉన్నట్టు) దాటిన వస్తువుకు ఎంతసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చినా వర్ణపటంలో రొద మిగులుతుంది. అలాంటివాటికి ఉత్తరాఖండ్ దేవస్థల్‌లోని 3.6 మీటర్ల టెలిస్కోప్‌లో సమయం కోరి, ప్రకాశం ఎక్కువగా ఉన్న తొలి వారాలను హాన్లేకు కేటాయించుకోవడమే మేలని నా అభిప్రాయం.